కంప్యూటర్ ఎంబ్రాయిడరీ బొంత: అమ్మితే ధర ఎంత, కానుకైతే లెక్క ఎలా

"మిషనే కదా కుట్టేది, నీకేం పని?" ఇంట్లో ఎంబ్రాయిడరీ మిషన్ ఉన్నవాళ్లు ఈ మాట వినక తప్పదు. కొనేవాళ్లూ అంటారు, చుట్టాలూ అంటారు. అసలు చిక్కేమిటంటే కుట్టేవాళ్లు కూడా లోపల అదే అనుకుని ధర చెప్తారు. పేరు, బొమ్మలు ఉన్న ఓ చిన్నపిల్లల బొంతకు పదకొండు గంటలకు పైగా పడితే అందులో ఎంబ్రాయిడరీ మిషన్ తనంతట తాను కుట్టేది గంటన్నర. మిగతాదంతా మనిషి చేసేదే. ఆ గంటలను రూపాయల్లోకి ఎలా మార్చాలో, ఏ బొంతను అసలు అమ్మకానికి పెట్టకూడదో, కానుకగా ఇచ్చేటప్పుడు ఏ లెక్క చూసుకోవాలో ఇక్కడ వివరంగా చూద్దాం.

గుడ్డ కత్తిరించకముందే తేల్చుకోవాలి

బొంత అయిపోయాక ధర ఆలోచిస్తే నష్టమే. అమ్మకం బొంతను ధర వైపు నుంచి వెనక్కి లెక్కేసుకుంటూ డిజైన్ చేయాలి. మీ ఊళ్లో పిల్లల బొంతకు రెండున్నర వేలు పెట్టేవాళ్లున్నారంటే, ఆ డబ్బులో ఎన్ని బొమ్మలు, ఎన్ని రంగులు పడతాయో ముందే తేలాలి. కానుకకు ఈ కట్టుబాటు లేదు. అక్కడ హద్దు పెట్టాల్సింది ముడిసరుకు ఖర్చుకూ, పూర్తిచేయాల్సిన తేదీకీ. ఈ రెండు రకాలనూ కలిపేసి, కానుకంత పనితనం పెట్టి అమ్మకానికి కూర్చుంటే కూలి గిట్టదు.

లెక్కకు ఒక బొంత

36 × 45 అంగుళాల పిల్లల బొంత తీసుకుందాం. మధ్యలో 9 అంగుళాల గళ్లు పన్నెండు (అడ్డంగా 3, నిలువుగా 4), చుట్టూ నాలుగున్నర అంగుళాల బోర్డరు. పన్నెండు గళ్లలో ఆరు ఎంబ్రాయిడరీ, ఆరు ప్రింటు గుడ్డ. ఎంబ్రాయిడరీ గళ్లలో ఒకదానిలో పేరు. ఒక్కో బొమ్మ సుమారు 5 అంగుళాలు, 9,000 కుట్లు, 5 రంగులు.

44 అంగుళాల పన్నా కాటన్‌లో వాడుకకు వచ్చేది 42 అంగుళాలే అనుకోండి. ఎంబ్రాయిడరీ గళ్లను 9½కి (కుట్టు కోసం చుట్టూ పావు అంగుళం కలిపిన కొలత) కాకుండా 11 అంగుళాలకు కత్తిరించి, కుట్టు అయ్యాక బొమ్మను నడిమధ్యకు తెచ్చి 9½కి సరిచేయాలి. కుట్టేటప్పుడు గుడ్డ లోపలికి లాక్కుంటుంది కాబట్టి ముందే కొలతకు కత్తిరిస్తే ఒక పక్క పావు అంగుళం తగ్గి, అతుకులు కలవవు. ఈ లెక్కన ఎంబ్రాయిడరీ గళ్లకు 0.6 మీటరు, ప్రింటుకు అర మీటరు, బోర్డరుకు అర మీటరు, వెనక గుడ్డకు 1.25 మీటర్లు, అంచు పట్టీకి (రెండున్నర అంగుళాల పట్టీలు ఐదు) 0.35 మీటరు పడుతుంది. మొత్తం 3.2 మీటర్లు. ఉతికితే కుదించుకుపోయేదానికీ వంకర కోతకూ కలిపి మూడున్నర మీటర్లు కొనాలి.

కింది రేట్లు ఉదాహరణకు పెట్టినవి. మీ బిల్లులో ఉన్న అంకెలు పెట్టుకుని ఇదే పద్ధతిలో వేసుకోండి.

- గుడ్డ 3.5 మీటర్లు, మీటరు రూ.140: రూ.490
- లోపలి పాలీఫిల్ షీటు (మెత్తటి పాలిస్టర్ పొర) 1.25 మీటర్లు: రూ.150
- పై దారం, బాబిన్ (కింది) దారం: రూ.30
- ఎంబ్రాయిడరీ పేపరు (గుడ్డ ముడతలు పడకుండా వెనక పెట్టేది): రూ.40
- సూదులు (ఎంబ్రాయిడరీకి 75/11 సైజుది ఒకటి; పై గుడ్డ, షీటు, వెనక గుడ్డ మూడు పొరలకు 90/14 సైజుది ఒకటి): రూ.40
- సంచి, చీటీ, ప్యాకింగు: రూ.50

మొత్తం రూ.800.

దారం లెక్క చూసి చాలామంది ఆశ్చర్యపోతారు. వెయ్యి కుట్లకు పై దారం సుమారు 5 మీటర్లు పడుతుంది. 54,000 కుట్లకు 270 మీటర్లు, అంటే వెయ్యి మీటర్ల కోనులో పావు వంతు కాస్త పైన. "దారం ఖర్చు ఇస్తాలే" అనే చుట్టాలు ఇవ్వబోయేది ఈ ముప్పై రూపాయలు.

గంటలు

ఫోన్‌లో స్టాప్‌వాచ్ పెట్టి ఒక్క బొంతకైనా నిజంగా కొలవాలి. అంచనా వేస్తే ఎప్పుడూ తక్కువే వస్తుంది, ఎందుకంటే ఇస్త్రీ, దారపు కొసలు కత్తిరించడం, వాట్సాప్‌లో రంగులు మాట్లాడుకోవడం పనిలా అనిపించవు.

ఒక గడి ఎంబ్రాయిడరీని దగ్గర్నుంచి చూద్దాం. మిషన్ వేగం నిమిషానికి 600 కుట్లు పెడితే 9,000 కుట్లకు 15 నిమిషాలు. (డబ్బా మీద 800 పైన రాసి ఉన్నా ఆ వేగంలో దారం తెగడం ఎక్కువ.) ఫ్రేము (గుడ్డను బిగువుగా పట్టే చట్రం) బిగించడానికి 5 నిమిషాలు. ఐదు రంగులంటే నాలుగుసార్లు దారం మార్చాలి, ఒక్కోసారి నిమిషంన్నర, అంటే 6 నిమిషాలు. వెనక పేపరు చింపి, పైన దారాలు కత్తిరించడానికి 4 నిమిషాలు. గడికి అరగంట, ఆరు గళ్లకు మూడు గంటలు. ఇందులో మిషన్ కుట్టే గంటన్నరకు సగం కూలి వేయడం న్యాయం. ఆ సమయంలో పక్కన ప్రింటు గళ్లు కత్తిరించుకోవచ్చు, కానీ గది వదిలి వెళ్లలేరు. బాబిన్ అయిపోతే గాల్లో కుట్టుకుంటూ పోతుంది. అందుకే మూడు గంటలను రెండుంపావుగా లెక్కేద్దాం.

మిగతావి: ఉతుకు, ఇస్త్రీ, కోత గంటుంపావు. పేరును మిషన్ చదివే డిజైన్ ఫైలుగా చేయడం, పాత గుడ్డ మీద కుట్టి చూడడం ముప్పావు గంట. గళ్లు అతకడం గంటన్నర. మూడు పొరలు పరిచి కచ్చా కుట్లు వేయడం అరగంట. వాకింగ్ ఫుట్‌తో (పొరలు జరగకుండా కలిపి నడిపే పాదం) మూడు పొరలూ కలిపి కుట్టడం గంటన్నర. అంచు పట్టీ గంటన్నర. చివరి పరిశీలన, ఫొటో, ప్యాకింగు ముప్పావు గంట. కొనేవాళ్లతో మాటలు అరగంట. మిషన్ కుట్టే సమయాన్ని సగంగా వేస్తే అన్నీ కలిపి పదిన్నర గంటలు.

గంటకు ఎంత? మీ ఊళ్లో మంచి టైలరు రోజు కూలి ఎంతో కనుక్కుని ఎనిమిదితో భాగించండి. రోజుకు రూ.800 అయితే గంటకు వంద. ఇంట్లో కూర్చుని చేస్తున్నాం కదా అని దీన్ని సగం చేసుకోవద్దు. రేపు ఆర్డర్లు పెరిగి మనిషిని పెట్టుకుంటే ఆమెకు సగం కూలి ఇవ్వలేరు.

కుట్ల లెక్కన ధర ఎందుకు కుదరదు

బజార్లో కంప్యూటర్ వర్కు షాపులు వెయ్యి కుట్లకు ఇంత అని జాబ్ వర్కు రేటు చెప్తాయి. వాళ్ల మిషన్‌కు ఎక్కువ సూదులుంటాయి, రంగు దానంతటదే మారుతుంది. ఒకే సూది ఉన్న ఇంటి మిషన్‌కు ఆ రేటు వర్తించదు. పది రంగుల 6,000 కుట్ల బొమ్మకు కుట్టడం 10 నిమిషాలు, తొమ్మిది దారం మార్పులు పదమూడున్నర, మొత్తం ఇరవై మూడున్నర నిమిషాలు. రెండు రంగుల 12,000 కుట్ల బొమ్మకు కుట్టడం 20, ఒక మార్పు, అంతా కలిపి ఇరవై ఒకటిన్నర. కుట్లు సగమే ఉన్న బొమ్మకే ఎక్కువ సమయం పట్టింది, పైగా మనిషి లేచి కూర్చునేది దానికే. అమ్మకానికి బొమ్మలు ఎంచేటప్పుడు ముందు చూడాల్సింది రంగుల సంఖ్య. మూడు, నాలుగు రంగుల బొమ్మలే గిట్టుబాటు.

ధర కట్టడం

ముడిసరుకు రూ.800. కూలి రూ.1,050. మిషన్ అరుగుదల: మిషన్ ధరనూ సర్వీసు ఖర్చునూ అది పనిచేస్తుందనుకున్న గంటలతో భాగించాలి. రూ.70,000 మిషన్‌కు 3,000 గంటలు పెట్టుకుంటే గంటకు రూ.23, సర్వీసు కలిపి రూ.30 అనుకోండి. ఎంబ్రాయిడరీకి పట్టిన మూడు గంటలకు రూ.90. కరెంటును పట్టించుకోనక్కర్లేదు, ఆ మాటకొస్తే మిషన్ కంటే ఇస్త్రీపెట్టే ఎక్కువ తింటుంది.

ఇంతవరకు రూ.1,940. పాడైన గళ్లు, నమూనాలు, అమ్ముడుపోకుండా మిగిలినవి భరించడానికి పది శాతం కలిపితే రూ.2,134. దాని మీద ఇరవై శాతం లాభం వేస్తే రూ.2,560. కూలి వేరు, లాభం వేరు అన్నది ఇక్కడ ముఖ్యం. కొత్త మిషన్‌కు డబ్బు కూడేది ఆ లాభం నుంచే.

బొటిక్‌లో పెడితే వాళ్ల కమీషన్ ముప్పై శాతం అనుకుందాం. చాలామంది 2,560కి ముప్పై శాతం కలిపి రూ.3,328 అని చీటీ అంటిస్తారు. షాపు తన ముప్పై శాతాన్ని ఆ 3,328 మీద తీసుకుంటుంది, చేతికి వచ్చేది రూ.2,330. రెండు వందల ముప్పై పోయింది. 2,560ని 0.7తో భాగించాలి: రూ.3,657. ఇంకొక సంగతి, షాపులో ఉన్న ధర కంటే తక్కువకు ఇంట్లో అమ్మితే షాపువాళ్లు మళ్లీ సరుకు తీసుకోరు. నేరుగా అమ్మే ధరను కూడా దాని దగ్గరగా ఉంచుకోవడమే మేలు.

జీఎస్టీ రిజిస్ట్రేషన్ ఉన్నవాళ్లు ఒక గీత గుర్తుంచుకోవాలి. 2025 సెప్టెంబరు 22 నుంచి కాటన్ క్విల్టుకు (బొంతకు) ఒక్కోదాని ధర రూ.2,500 వరకు 5 శాతం, అది దాటితే 18 శాతం. రూ.2,500 పెడితే కొనేవాళ్లకు పడేది రూ.2,625. రూ.2,560 పెడితే రూ.3,021. అరవై రూపాయల కోసం నాలుగు వందల తేడా తెచ్చుకోవద్దు, రెండు మూడు రంగులు తగ్గించి 2,500 దగ్గర ఆపండి. రాష్ట్రం దాటి అమ్మేటప్పుడు రిజిస్ట్రేషన్ నిబంధనలు వేరుగా ఉంటాయి, మొదటి పార్శిల్ పంపకముందే అకౌంటెంటును అడగండి.

అమ్మకానికి పెట్టకూడనివి

సింగిల్ బెడ్ సైజు, 60 × 90 అంగుళాల బొంత మొత్తాన్నీ ఫ్రేములోనే, పొరలను కలిపి పట్టే క్విల్టింగ్ డిజైన్‌తో నింపాలని ఉందా? 200 × 280 మిల్లీమీటర్ల ఫ్రేములో ఒకసారికి ఏడున్నర × 10 అంగుళాలు కుట్టొచ్చు. అడ్డంగా ఎనిమిది, నిలువుగా తొమ్మిది, అంటే డెబ్బై రెండుసార్లు ఫ్రేము బిగించాలి. ఒక్కోసారి అయిదు నిమిషాలు వేసినా బిగించడానికే ఆరు గంటలు. కుట్టు 4,000 చొప్పున ఇంకో ఎనిమిది గంటలు. బొంత బరువు బల్ల అంచు నుంచి కిందికి వేలాడితే ఫ్రేమును లాగి డిజైన్ రెండు మూడు మిల్లీమీటర్లు జరుగుతుంది. విప్పి మళ్లీ కుట్టాలి. పైన చెప్పిన పద్ధతిలోనే లెక్కవేసి, పన్నెండు బొమ్మల గళ్లు కూడా కలిపితే ధర రూ.7,500 దాటుతుంది. కొనేవాళ్ల కళ్లముందు ఉండేది మాత్రం ప్రింటు జైపురీ రజాయి ధర. ఆ రెంటికీ పోలిక లేదని ఎంత చెప్పినా పోల్చుతారు.

అదే బొంతను ఫ్రేము వదిలేసి వాకింగ్ ఫుట్‌తో నాలుగైదు అంగుళాలకో గీత చొప్పున కుట్టేస్తే నాలుగు గంటల్లో అవుతుంది, ధర రూ.1,300 పైచిలుకు తగ్గుతుంది. బొమ్మల గళ్లు పన్నెండుకు బదులు తలవైపు నాలుగు చాలంటే రూ.5,700 దగ్గరికి వస్తుంది. డెబ్బై రెండు ఫ్రేముల బొంతను ఎవరికైనా కానుకగా కుట్టండి, బంగారంలాంటి పని. అమ్మకానికి వద్దు.

సినిమా, కార్టూన్ బొమ్మలు కూడా అంతే. హక్కుదారుల అనుమతి లేకుండా వాటిని కుట్టి అమ్మడం కాపీరైటు చిక్కు. ఆన్‌లైన్‌లో కొన్న డిజైన్ ఫైళ్లలోనూ కొన్ని సొంత వాడకానికి మాత్రమే ఇస్తారు. ఫైలుతో వచ్చిన షరతులు చదవండి, అమ్మకానికి పనికొచ్చేవన్నీ వేరే ఫోల్డర్‌లో పెట్టుకోండి.

అమెరికాలో హెచ్-4 వీసా (హెచ్-1బి ఉద్యోగుల భార్య లేదా భర్తకు, పిల్లలకు ఇచ్చేది) మీద ఉన్నవాళ్లకు పని అనుమతి పత్రం లేకపోతే డబ్బు తీసుకుని కుట్టివ్వడం కూడా పని కిందకే వస్తుంది. వాళ్లకు కానుక ఒక్కటే దారి.

ఎక్కడ పాడవుతుంది, ఎందుకు

ఇవి తెలిస్తే, ధరలో పాడైనవాటి కోసం కలిపిన ఆ పది శాతం మిగులుతుంది.

మొదటి ఉతుకు తర్వాత బొమ్మ చుట్టూ ముడతలు: కాటన్ కుదించుకుపోతుంది, పాలిస్టర్ దారం పోదు. కోతకు ముందే గుడ్డ ఉతికి ఇస్త్రీ చేయాలి. కుట్టేటప్పుడే ముడతలొస్తే పేపరు పల్చనైందన్నమాట. పలుచటి పాప్లిన్ మీద దట్టమైన బొమ్మకు రెండు పొరల పేపరు వేయండి. నాలుగంగుళాల చోటులో పదిహేను వేల కుట్లు దాటితే బొమ్మ అట్టముక్కలా బిగుసుకుపోతుంది, బొంత మడత పడదు. అలాంటి ఫైలును వదిలేయడమే మంచిది.

ఎరుపు, మెరూన్ రంగు దిగడం: తడిపిన తెల్లగుడ్డతో గట్టిగా రుద్ది చూడండి. రంగు అంటితే ఆ గుడ్డను తెల్ల గళ్ల పక్కన పెట్టవద్దు.

పైన తెల్లగా బాబిన్ దారం కనిపించడం: పై దారం బిగువు ఎక్కువ, లేదా బాబిన్ పెట్టెలో నూగు చేరింది. బిగువు మార్చే ముందు నూగు దులపండి, చాలాసార్లు దాంతోనే సరిపోతుంది. జరీ దారం పిల్లల బొంతకు వద్దు, గుచ్చుకుంటుంది, 400 వేగంలో కూడా తెగుతుంది. అద్దాలు, పూసలు ఊడితే నోట్లో పెట్టుకుంటారు, అవీ వద్దు.

తెలుగులో పేరు అడిగితే అదనంగా తీసుకోండి. మిషన్‌లో ఉండే అక్షరాలు ఇంగ్లీషువి. తెలుగు పేరుకు ఫైలు విడిగా చేయాలి. "లక్ష్మి", "కృష్ణ" లాంటి పేర్లలో కింది వత్తు మరీ చిన్నదైపోయి దారంతో మూసుకుపోతుంది. అక్షరం ఒళ్లు కనీసం 15 మిల్లీమీటర్లు ఉంటేనే వత్తు విడిగా కనబడుతుంది. పేరు ఎలా రాయాలో కొనేవాళ్ల చేతే వాట్సాప్‌లో టైపు చేయించుకుని, అడ్వాన్సు సగం తీసుకున్నాకే కుట్టండి. పేరు కుట్టిన బొంతను ఇంకొకరికి అమ్మలేరు.

చుట్టాల ఆర్డరు

నష్టం ఎక్కువగా జరిగేది ఇక్కడే. "ఒట్టి ఖర్చులిస్తాలే, మనవరాలికి ఒకటి కుట్టిపెట్టవే" అని పిన్ని అడుగుతుంది. మొహమాటానికి పోయి ఎనిమిది వందలు తీసుకుంటే రెండు పనులు జరుగుతాయి. పిన్ని డబ్బిచ్చి కొన్నాననుకుంటుంది, కాబట్టి రంగు మార్చమంటుంది, తేదీ అడుగుతుంది. ఆ ఎనిమిది వందల మాట ఆ వీధంతా పాకుతుంది.

మధ్యరకం ధర పెట్టవద్దు. అయితే పూర్తి కానుక, లేకపోతే పూర్తి ధర. "పిన్నీ, ఇది పదిన్నర గంటల పని, బయటివాళ్లకు రెండు వేల అయిదు వందల అరవైకి ఇస్తున్నా. నీకు నాలుగు వందలు తగ్గిస్తా. లేదంటే బారసాలకు నా తరఫున నేనే ఒకటి తెస్తా, డిజైన్ మాత్రం నా ఇష్టం." తగ్గించినా బిల్లులో అసలు ధర రాసి, కింద తగ్గింపు రాయండి. ఆ నాలుగు వందలు లాభం నుంచి పోతాయి, కూలి నుంచి కాదు.

పాత చీరలతో బొంత కుట్టమని బయటివాళ్లు అడిగినప్పుడు కూడా జాగ్రత్త. ఇళ్లలో పాత చీరలతో బొంతలు కుట్టడం ఎప్పటినుంచో ఉన్నదే, కానీ మడత దగ్గర చివికిన నూలు మీద సూది వేలసార్లు దిగితే అక్కడే చిరుగుతుంది. చీర వెనక పల్చటి ఫ్యూజింగ్ (ఇస్త్రీతో అంటుకునే గుడ్డ) అతికించి, బొమ్మలు తక్కువ పెట్టి, గుడ్డ మన్నికకు పూచీ లేదని ఆర్డరు చీటీలో రాయించి సంతకం తీసుకోండి. సొంతవాళ్లకు కానుకైతే ఈ చీటీ అక్కర్లేదు, చిరిగిన చోట ఇంకో అతుకు వేసిస్తారు.

కానుక లెక్క

కానుకకు కూలి వేయరు గానీ గంటలు రాసుకోవాలి. ఈ సీజన్‌లో ఎన్ని కానుకలకు ఒప్పుకోవచ్చో ఆ కాగితమే చెప్తుంది. ఏడాదికి ఇన్ని అని ముందే పెట్టుకుని, అవి అయిపోతే చదివింపులతో సరిపెట్టుకోవడంలో తప్పేం లేదు.

బారసాల బొంతలో ప్రత్యేకంగా ఒక ఇబ్బంది ఉంటుంది. పేరు ఆ రోజు దాకా తెలియదు. చాలా ఇళ్లలో బిడ్డ పుట్టకముందు ఏదీ సిద్ధం చేయరు కూడా. పదకొండో రోజో ఇరవై ఒకటో రోజో వేడుక అయితే పదిన్నర గంటల పనికి మిగిలేది కొద్ది రోజులే. మూడు పొరలూ కుట్టేశాక పేరు వేస్తే వెనక గుడ్డ మీద బాబిన్ దారం అంతా కనిపిస్తుంది. అందుకే పేరు గడిని ఖాళీగా వదిలి బొంత పూర్తిచేసి ఇవ్వండి. వేడుక అయ్యాక పేరును వేరే కాటన్ ముక్క మీద కుట్టి, అంచులు పావు అంగుళం లోపలికి మడిచి ఇస్త్రీ చేసి, ఆ గడిలో చేత్తో దొంగకుట్లు వేసి అతకండి. సూది పై పొరను, లోపలి షీటును మాత్రమే పట్టుకోవాలి, వెనక గుడ్డ దాకా పోకూడదు. అరగంట పని. అమ్మకం ఆర్డరైతే ఈ ఒక్క అతుకుకూ, రెండోసారి పంపే పార్శిల్‌కూ విడిగా ధర రాయండి.

అమ్మినా ఇచ్చినా సంచిలో ఒక చీటీ తప్పకుండా ఉండాలి: చల్లటి నీళ్లలో ఉతకాలి, బ్లీచింగ్ వద్దు, బొమ్మ మీద ఇస్త్రీ వెనకవైపు నుంచి చేయాలి. ఇంకో వాక్యం కూడా రాయండి. ఏడాదిలోపు పిల్లలు పడుకునేచోట వదులుగా ఉండే దుప్పట్లు, బొంతలు పెట్టవద్దని అమెరికన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ సలహా. అప్పటిదాకా ఈ బొంతను నేలమీద పరిచి, పెద్దవాళ్లు పక్కన ఉన్నప్పుడు బోర్లా పడి ఆడుకోవడానికి వాడమని చెప్పాలి.